‘ఒక్కోసారి’ అంటే ఎన్నిసార్లు?

పేరూ ఊరూ వేయొద్దని ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. క్లుప్తంగా సంగతి ఇది. వయసు 33. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో తొమ్మిదేళ్లుగా పని. పెళ్లయింది. రెండేళ్ల కిందట అక్క కొడుక్కి ఆటిజం ఉందని తేలింది. ఆ బాబు ఫారం నింపుతూ అక్క, "ఇవన్నీ నీ చిన్నప్పటి వేషాలేనే" అని నవ్విందట. ఆ మాట ఈమెను వదల్లేదు. ఆన్‌లైన్‌లో, ఆటిజం లక్షణాలు ఎన్నున్నాయో చూసే 50 ప్రశ్నల ఏక్యూ పరీక్ష చేస్తే 27 వచ్చింది. నెల రోజులు ఆటిజం గురించి చదివి మళ్లీ చేస్తే 36. రాడ్స్-ఆర్ అనే మరో పరీక్షలో 148. చివరికి ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లారు. అక్కడ అదే 50 ప్రశ్నల కాగితం ముందు గంటా పది నిమిషాలు కూర్చున్నారు. "ఎక్కువ ఆలోచించకండి, మొదట తోచింది టిక్ పెట్టండి" అన్నారట ఆవిడ. ఆరు ప్రశ్నలు ఖాళీగా వదిలేస్తే స్కోరు 29 అయింది. "బోర్డర్‌లైన్, మీరు చక్కగానే మాట్లాడుతున్నారు కదా" అని పంపించారు. దిగులు కొలిచే పీహెచ్‌క్యూ-9లో 4 మాత్రమే వచ్చింది. కానీ రోజూ డ్యూటీ నుంచి వచ్చాక రెండు గంటలు లైటు వేయకుండా నేల మీద పడుకుంటానని రాశారు. వాళ్లమ్మగారు తన ఫారంలో "మా అమ్మాయికి ఏ లోపమూ లేదు" అని రాసిచ్చారు. భర్త దీన్ని గూగుల్ జబ్బు అంటున్నారు. "నా అసలు స్కోరు ఏది? నేను కల్పించుకుంటున్నానా? మళ్లీ నింపాలా?" ఇవీ ప్రశ్నలు.

జవాబు:

ముందు లెక్క తేల్చుకుందాం. ల్యాబ్‌లో పనిచేసేవారు కాబట్టి మీకు అదే తేలిక.

ఏక్యూని 2001లో కేంబ్రిడ్జిలో సైమన్ బారన్-కోహెన్ బృందం తయారుచేసింది. ఒక్కో ప్రశ్నకీ నాలుగు గడులు: పూర్తిగా ఒప్పుకుంటాను, కొంచెం ఒప్పుకుంటాను, కొంచెం ఒప్పుకోను, అసలు ఒప్పుకోను. గడులు నాలుగున్నా మార్కు మాత్రం ఒకటో సున్నానో. ‘పూర్తిగా’కి ఎంతో ‘కొంచెం’కీ అంతే. ఆ గంటా పది నిమిషాల్లో సగం ఈ రెంటి మధ్య తేల్చుకోలేకే పోయిందని మీరే రాశారు. ఆ కష్టం వల్ల మీ స్కోరులో ఒక్క అంకె కూడా మారలేదు. ఈసారి దాన్ని వదిలేయండి. ఒప్పుకునే వైపా, కాదనే వైపా అన్నది ఒక్కటే తేలాలి.

ఇక 27 నుంచి 36. తేడా 9. అంటే నడిమి గీతను దాటి ఇటు నుంచి అటు వచ్చిన ప్రశ్నలు కనీసం తొమ్మిది. మిగతా నలభై చిల్లర ప్రశ్నలకు రెండుసార్లూ దాదాపు ఒకే జవాబు ఇచ్చి ఉంటారు. పాత జవాబులు దొరికితే రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి మారినవాటికి గుర్తు పెట్టండి. మీ విషయంలో 36 కన్నా, 27 కన్నా ఆ తొమ్మిదే విలువైనవి. అవి ఎందుకు మారాయో చెప్పగలిగితే సైకాలజిస్టుకి కావలసిన సమాచారం అక్కడే దొరుకుతుంది.

క్లినిక్‌లో వచ్చిన 29 సంగతి ఇంకా విచిత్రం. వదిలేసిన ప్రశ్నలను సున్నాలుగా లెక్కేశారు. ఆ ఆరింటికీ మార్కు పడి ఉంటే 35. ఒక్కదానికీ పడకపోతే 29. ఈ పరీక్షకు మొదట పెట్టిన గీత 32, అంటే స్కోరు అంతకు చేరితే ఆటిజం ఉండొచ్చని అనుమానించాలి. అంటే మీరు గీతకి ఇటున్నారో అటున్నారో తేల్చింది ఆ ఆరు ఖాళీలే. జవాబు తెలియక వదిలినవి కావవి, ప్రశ్న అర్థం తేలక వదిలినవి. ఏ ల్యాబ్‌లోనూ నమూనా అందలేదు కాబట్టి ఫలితం సున్నా అని రాయరు.

గీత సంగతి కూడా చూద్దాం. 2001 నాటి అధ్యయనంలో ఆటిజం ఉన్నవారిలో దాదాపు 80 శాతం మందికి 32, ఆపైన వచ్చింది. మామూలు జనంలో 2 శాతం మందికి వచ్చింది. వినడానికి గట్టి పరీక్షే. కానీ వెయ్యి మందిలో పదిమందికి ఆటిజం ఉందనుకోండి. వాళ్లలో 8 మంది గీత దాటుతారు. మిగతా 990 మందిలో 2 శాతం అంటే 20 మంది దాటుతారు. గీత దాటిన 28 మందిలో 8 మందికే ఆటిజం. దారిన పోయేవాళ్లని కాకుండా అనుమానంతో క్లినిక్‌కి వచ్చినవాళ్లని చూసేటప్పుడు 26 దగ్గరే గీత పెట్టాలని 2005లో ఇంకో అధ్యయనం సూచించింది. ఆ లెక్కన మీ 29 కూడా దాటినట్టే. ఆందోళన జబ్బు ఉన్నవాళ్లకీ ఈ పరీక్షలో ఎక్కువే వస్తుంది. గీత దాటనివాళ్లలో తర్వాత ఆటిజం తేలినవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఈ అంకెతో తలుపు తెరుచుకోవచ్చు గానీ తీర్పు రాదు. 29 చూసి పంపించేయడం తొందరపాటు. 36 చూసి మీరే ఖాయం చేసుకున్నా తొందరపాటే.

రాడ్స్-ఆర్ 148 చూసి మీరు భయపడ్డట్టున్నారు. అది 80 ప్రశ్నలది, మొత్తం 240, గీత 65 దగ్గర. రెట్టింపు దాటానంటే రెట్టింపు ఆటిజం అని కాదు. ఆ ఫారం గడులు కాలానికి సంబంధించినవి: ఇప్పుడూ చిన్నప్పుడూ నిజం, ఇప్పుడు మాత్రమే, పదహారేళ్ల లోపు మాత్రమే, ఎప్పుడూ కాదు. చాలా ప్రశ్నలకు మార్కులు వరుసగా 3, 2, 1, 0. ఇక్కడొక బోల్తా ఉంది. చిన్నప్పుడు బహిరంగంగా చేసి, తిట్లు తిని, ఇప్పుడు లోపల దాచుకున్నదాన్ని ‘చిన్నప్పుడు మాత్రమే’ అని టిక్ పెడితే మూడుకి బదులు ఒకటే పడుతుంది. అసలు ఈ ఫారాన్ని పక్కన నిపుణులు కూర్చుని, సందేహం వస్తే వివరిస్తుంటే నింపాలని తయారుచేశారు. ఒంటరిగా రాత్రి పదకొండింటికి ఫోన్‌లో నింపడానికి కాదు. 2021లో బ్రిటన్‌లోని ఒక పెద్దల క్లినిక్ వాళ్లు, ముందుగా సొంతంగా నింపిన రాడ్స్-ఆర్ స్కోర్లను తర్వాత తేలిన నిర్ధారణలతో పోల్చి చూస్తే రెంటికీ పొంతన కుదరలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఫారం ముందు మీరు ఆగిపోవడం మీ లోపం కాదు. ఆ ప్రశ్నల్లో స్పెసిఫికేషన్ లేదు. ‘తరచుగా’ అంటే వారానికి ఎన్నిసార్లు? ‘సులువుగా’ అంటే ఎవరితో పోలిస్తే? ఎక్కడ, ఇంట్లోనా, ఆఫీసులోనా? చాలామంది ఈ ఖాళీలను తెలియకుండానే పూరించుకుని ముందుకు పోతారు. మీకు అవి ఖాళీలుగానే కనబడతాయి. ఆటిజం ఉన్న పెద్దలు ఫారాల గురించి చేసే ఫిర్యాదుల్లో ముందుండేది ఇదే. అమెరికాలో ఆటిజం ఉన్నవాళ్లూ పరిశోధకులూ కలిసి నడిపే ఆస్పైర్ అనే బృందం 2020లో దీనికి మార్గాలు చెప్పింది: కష్టమైన మాటకు పక్కనే వివరణ ఇవ్వాలి, ఏ కాలం గురించి అడుగుతున్నారో స్పష్టంగా రాయాలి, గడుల పక్కన బొమ్మలు పెట్టాలి. మీకు ఇచ్చిన కాగితంలో అవేవీ లేవు. కాబట్టి మీ స్పెసిఫికేషన్ మీరే రాసుకుని, అది ఫలానా అని కాగితం పైన రాసిపెట్టండి.

నా సూచన ఇది. కాలం: ఫారంలో వేరే చెప్పకపోతే, సెలవులూ పండగలూ లేని మామూలు రెండు వారాలు. తరచుదనం: అవకాశం వచ్చిన పదిసార్లలో ఆరు దాటితే ఒప్పుకుంటాను, లేకపోతే కాదు. పోలిక: పక్కవాళ్లతో కాదు, ఎవరూ చూడనప్పుడు, ఏ నియమమూ గుర్తు చేసుకోనప్పుడు మీరు ఎలా ఉంటారో దానితో. ఈ గీతలు మారిస్తే స్కోరూ మారవచ్చు. అందుకే వాటిని దాచకుండా రాయమంటున్నాను.

‘మొదట తోచింది టిక్ పెట్టండి’ అన్న సలహా అందరికీ పనికొస్తుందేమో గానీ మీకు కాదు. మీకు మొదట తోచేది ఇరవై ఏళ్లు సాధన చేసిన జవాబు. ఉదాహరణకి, పిచ్చాపాటీ బాగా మాట్లాడగలను అనే ప్రశ్న తీసుకుందాం. మొదటిసారి మీరు ఒప్పుకుంటాను అన్నారు, రెండోసారి కాదన్నారు. రెండూ నిజమే. క్యాంటీన్‌లో మాట్లాడటానికి ఫోన్‌లో ఆరు విషయాల జాబితా ఉందని రాశారు: వాన, ట్రాఫిక్, పిల్లల బడి వగైరా. ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటానికి లోపల మూడు అంకెలు లెక్కపెడతానన్నారు. తర్వాత పది నిమిషాలు వాష్‌రూమ్‌లో నిలబడతానన్నారు. బయటివాళ్లకి కనబడేది మధ్యలో ఉన్న నాలుగు నిమిషాలే. ఫారం అడుగుతున్నది కూడా ఆ నాలుగు నిమిషాల గురించే అనుకుంటే జవాబు ఒకటి. ముందూ తర్వాతా కలుపుకుంటే ఇంకొకటి. ఏ గడిలో టిక్ పెట్టినా సరే, పక్కన మార్జిన్‌లో మూడు ముక్కలు రాయండి: ముందు ఏం చేస్తారు, అప్పుడు ఏం చేస్తారు, తర్వాత ఏమవుతుంది.

ఎదుటివాళ్లు పైకి అనని మాట సులువుగా పసిగట్టగలను అనే ప్రశ్న కూడా అలాంటిదే. మన ఇళ్లలో దీనికి పెద్ద పరీక్షే ఉంది. ఎవరింటికైనా వెళితే "భోంచేసి వెళ్లండి" అంటారు. అది పిలుపా, మర్యాదా? మీ సూత్రం ఉత్తరంలో ఉంది: రెండుసార్లు వద్దనాలి, మూడోసారీ అడిగితే కూర్చోవాలి. తొంభై శాతం సందర్భాల్లో సరిపోయే సూత్రమే. కానీ అది పసిగట్టడం కాదు, లెక్కపెట్టడం. ‘తెలుస్తుంది, నియమం పెట్టుకోవడం వల్ల’ అని మార్జిన్‌లో రాస్తే అనుభవమున్న సైకాలజిస్టు అక్కడ ఆగి ఇంకో ప్రశ్న అడుగుతారు. ఇలా కప్పిపుచ్చుకోవడాన్ని కొలవడానికే క్యాట్-క్యూ అని 25 ప్రశ్నల ఫారం 2019లో వచ్చింది. ఒక్కోదానికి 1 నుంచి 7, మొత్తం 25 నుంచి 175. అది నిర్ధారణ చేయదు. కానీ ఏక్యూ తక్కువగా ఉండి క్యాట్-క్యూ ఎక్కువగా ఉంటే, ఆ తక్కువ ఎందుకు వచ్చిందో అడగాల్సిన అవసరం కనబడుతుంది.

భాష దగ్గర కూడా జాగ్రత్త. ఈ ఫారాలు ఇంగ్లండు జీవితం చూసి రాసినవి. మ్యూజియం కన్నా థియేటరుకి వెళ్లడం ఇష్టం అని ఒక ప్రశ్న ఉంది. మనకి థియేటరంటే సినిమా హాలు. వాళ్ల ఉద్దేశం నాటకశాల. పార్టీ కన్నా లైబ్రరీ ఇష్టం అన్నదాని దగ్గర మీరు ‘ఎవరి పార్టీ?’ అని ఆగిపోవడం న్యాయమే. బంధువుల పెళ్లీ గృహప్రవేశమూ మనకి ఇష్టాయిష్టాల కిందకి రావు, వెళ్లి తీరాలి. అక్కడ ‘ఎవరూ ఏమీ అనుకోరంటే ఎక్కడికి వెళతాను’ అని చదువుకోండి. కాదు, లేదు ఉన్న వాక్యాలకు ‘ఒప్పుకోను’ అనాల్సి వస్తే తల తిరుగుతుంది. అలాంటి వాక్యాన్ని ముందు ‘కాదు’ తీసేసి మామూలుగా రాసుకుని, అవునో కాదో తేల్చుకుని, తర్వాత గడి వెతకండి. క్లినిక్‌లో ఎవరైనా అప్పటికప్పుడు తెలుగు చేసి చదివి వినిపిస్తుంటే ఇంగ్లిషు కాగితం కూడా చేతిలో పెట్టమనండి.

పీహెచ్‌క్యూ-9లో 4 రావడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. అది గత రెండు వారాల గురించిన ఫారం. తొమ్మిది ప్రశ్నలకీ 0 నుంచి 3. మొత్తం అయిదు నుంచి స్వల్పం, పది నుంచి పట్టించుకోవాలి. ఆకలి దగ్గర మీరు సున్నా పెట్టారు. ఎందుకంటే ఒంటిగంటకీ ఎనిమిదింటికీ గడియారం చూసి తింటారు. ఆకలి వేసిందా అంటే తెలియదన్నారు. ఆటిజం ఉన్నవాళ్లలో సుమారు సగం మందికి తమ భావాలను గుర్తుపట్టి పేరు పెట్టడం కష్టమని సమీక్షలు చెబుతున్నాయి. మిగతా జనంలో అది అయిదు శాతం. ‘దిగులుగా ఉందా?’ అని అడిగితే అలాంటివాళ్లు నిజాయితీగానే లేదంటారు. కాబట్టి భావం అడిగినచోట లెక్క రాయండి: ఎన్ని గంటలు నిద్ర, ఎన్ని రోజులు స్నానం వాయిదా, ఎత్తని ఫోన్లు ఎన్ని, నేల మీద పడుకున్నది ఎన్ని సాయంత్రాలు. ఆరు నెలల కిందటి మామూలు వారంతో పోల్చండి. ధ్యాస కుదరకపోవడం లాంటివి మీకు పుట్టినప్పటి నుంచీ ఉంటే అదీ రాయండి, లేకపోతే ఆ గడి దిగులు స్కోరు పెంచేస్తుంది. తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండనే ఆలోచన గురించి. ‘చావాలని లేదు, అన్నీ ఆగిపోతే చాలనిపిస్తుంది’ అనుకునేవాళ్లు మాటకి మాట చూసుకుని సున్నా పెట్టేస్తుంటారు. అలా ఉంటే సున్నా పెట్టకుండా ఆ వాక్యాన్నే రాయండి. ఎప్పుడైనా రాత్రిపూట భరించలేననిపిస్తే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ ఉచిత సేవ అది, తెలుగులో మాట్లాడతారు.

అమ్మగారి ఫారం చూసి నొచ్చుకోకండి. కన్నవాళ్లు ఎప్పుడూ తక్కువ చేసే చెబుతారనేం లేదు. ఏక్యూ మొదటి అధ్యయనంలో పెద్దయిన పిల్లల గురించి తల్లిదండ్రులు వేసిన స్కోరు, ఆ పిల్లలు తమకు తాము వేసుకున్నదానికన్నా సగటున రెండు మూడు మార్కులు ఎక్కువే ఉంది. అమ్మగారికి ఆ ఫారం ‘నీ పెంపకంలో లోపముందా’ అని అడిగినట్టు వినబడి ఉంటుంది. ఫారం పక్కన పెట్టి సంఘటనలు అడగండి. ఒకటో తరగతిలో ఎవరితో ఆడేదాన్ని? ఏ బట్ట వేస్తే ఏడ్చేదాన్ని? పెళ్లిళ్లలో ఎక్కడ దొరికేదాన్ని? ఆవిడ నవ్వుతూ చెప్పే కథల్లోనే మీకు కావలసింది ఉంటుంది. పాత పెళ్లి వీడియోలు, బడిలో టీచర్లు రాసిన వాక్యాలు కూడా పనికొస్తాయి. లక్షణాలు చిన్ననాటి నుంచీ ఉండాలని 2013 నాటి డీఎస్ఎం-5, అంటే అమెరికా మానసిక వైద్యుల సంఘం నిర్ధారణ పుస్తకం, అంటుంది. అవి అప్పట్లో పూర్తిగా బయటపడకపోవచ్చనీ, నేర్చుకున్న ఉపాయాల మాటున దాగి ఉండవచ్చనీ అక్కడే చెబుతుంది.

కల్పించుకుంటున్నానా అన్నదానికి ఒక పరీక్ష ఉంది. చదివాక మారిన ఆ తొమ్మిది ప్రశ్నల్లో ఒక్కోదానికి, ఆటిజం అనే మాట మీ ఇంట్లోకి రాకముందు జరిగినవి రెండు సంఘటనలు రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నారు. దొరికితే, చదువు మీకు మాటలు ఇచ్చింది, అంతే. దొరకకపోతే ఆ ప్రశ్నకి పాత జవాబే ఉంచండి. ఏడు నిలిచి రెండు పడిపోయినా నష్టమేమీ లేదు. భర్తగారికి స్కోర్లు చూపించే బదులు ఇదే కాగితం చూపించండి. నేల మీద పడుకునే రెండు గంటలను ఆయన రోజూ చూస్తూనే ఉన్నారు కదా.

ఇక దారులు. అదే సైకాలజిస్టు దగ్గరికి ఈ కాగితంతో తిరిగి వెళ్లవచ్చు. ఖర్చు తక్కువ, ఆవిడకి మీ సంగతి కొంత తెలుసు. ఒకటి రెండు పేజీలు మించకండి. ముప్పై పేజీలు తీసుకెళితే చదవరు, పైగా ఆ ముప్పై పేజీలనే లక్షణంగా చూసే ప్రమాదం ఉంది. ఆవిడ మళ్లీ "బాగానే మాట్లాడుతున్నారుగా" అంటే, పెద్దవాళ్లని చూసిన అనుభవం లేదని అర్థం చేసుకుని వేరేవాళ్లని వెతుక్కోండి. ఫోన్‌లోనే అడగండి: పెద్దవాళ్లకి, ముఖ్యంగా ఆడవాళ్లకి నిర్ధారణ చేశారా, బాల్యం వివరాలు తీసుకుంటారా, ఆందోళన, దిగులు కూడా విడిగా చూస్తారా? కొందరు అడాస్ అనే ప్రత్యక్ష పరిశీలన చేస్తారు, గంట లోపు అయిపోతుంది. కప్పిపుచ్చుకోవడం అలవాటైనవాళ్లు అందులోనూ గీత కిందకి రావచ్చు, అది ముందే తెలిసి ఉండాలి.

పేరు పెట్టించుకోకుండానే బతుకు సర్దుకునే దారీ ఉంది. ల్యాబ్‌లో చప్పుడుకి ఇయర్‌ప్లగ్గులు, నోటిమాట ఆదేశాలకి బదులు మెయిల్, క్యాంటీన్‌కి వారంలో రెండు రోజులే. ఇవి అడగడానికి ఏ కాగితమూ అక్కర్లేదు. కానీ పై అధికారి మారితే అవన్నీ మళ్లీ మొదటికొస్తాయి.

వైకల్య ధ్రువపత్రం దాకా వెళ్లాలనుకుంటే సంగతి వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, ప్రయోజనాలకు కనీసం 40 శాతం ఉండాలి. కొలిచేది ‘ఇసా’తో. అది సికింద్రాబాద్‌లోని మానసిక వికలాంగుల జాతీయ సంస్థలో తయారైన 40 అంశాల భారతీయ కొలమానం. ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 70 చేరితేనే ఆటిజం కింద లెక్క. అక్కడ మీరు టిక్ పెట్టేదేమీ ఉండదు, పరీక్షించేవారు చూసి, ఇంట్లోవాళ్లని అడిగి వేస్తారు. ఉద్యోగం చేస్తూ మాట్లాడుతున్న పెద్దవాళ్లకి 70 రాకపోవచ్చు. అంటే నిర్ధారణ చేతికొచ్చి, ధ్రువపత్రం రాకుండా పోవచ్చు. ఆఫీసులో చెప్పడమంటారా, ఒకసారి చెప్పిన మాటని వెనక్కి తీసుకోలేం. అందుకే దాన్ని చివరికి ఉంచండి.

వీటన్నిటికన్నా ముందు ఆ సాయంత్రాల సంగతి ఒక డాక్టరుకి చెప్పండి. దిగులుకీ అలసటకీ వైద్యం అందడానికి ఆటిజం తేలేదాకా ఆగక్కర్లేదు.

క్లినిక్‌కి మళ్లీ వెళ్లినప్పుడు కొత్త ఫారం అడగకండి, పాతదే తీయించండి. కూర్చోగానే ఏం మాట్లాడాలో తోచదంటారు కాబట్టి మొదటి వాక్యం కాగితం మీద రాసి తీసుకెళ్లండి: "కిందటిసారి ఆరు ప్రశ్నలు వదిలేశాను. అవి నాకు ఎందుకు అర్థం కాలేదో చెబుతాను, తర్వాత టిక్ పెడతాను."